కరిగిపోయిన గుడ్డు

స్నానాలగది కడగడానికి యాసిడ్ సీసా మూత తీసినప్పుడల్లా ఆ ఘాటుకు ఎస్తేరు టీచరు గుర్తొస్తారు. నన్ను దొంగ అనుకున్న మనిషి. నేనింకా మరచిపోలేదు.

గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో మా పక్కింట్లో ఉండేవారు. బడిలో మాకు సైన్సు చెప్పేవారు. నిజాం రాజ్యం మీద పోలీసు చర్య రోజులవి. బడి మూశారు, బజారు మూశారు, గుడ్డు కంటపడడమే గగనం. అయినా ఆవిడ తన ఒక్కగానొక్క కోడి పెట్టిన గుడ్డును ఉడికించి, "కడుపులో ఏం జరుగుతుందో కళ్లారా చూద్దువు గాని, రా" అని పిలిచారు. నీళ్లు కలిపి పలచన చేసిన యాసిడ్‌లో, అంతకుముందెప్పుడో మందులషాపులో కొన్న, అరుగుదలకు వాడే పెప్సిన్ పొడి కలిపి సీసాలో పోశారు. కడుపులో ఊరే రసమూ ఇలాంటిదేనట. "తెల్లసొన ముక్కలు చేసి వెయ్యి. సీసాని గోరువెచ్చని నీళ్లలో ఉంచి కదుపుతూ ఉండు. కడుపు కూడా ఊరికే కూర్చోదు, పిసుకుతూనే ఉంటుంది" అని చెప్పి, జబ్బుపడిన వాళ్లెవరినో చూడడానికి వెళ్లారు.

నా పనికి ఎప్పుడూ వంక పెట్టేవారు కనుక, ముక్కలు కాదు, నూకల్లా తరిగి వేశాను. మధ్యాహ్నం ఆవిడ తిరిగొచ్చేసరికి సీసాలో మసక నీళ్లే మిగిలాయి.

"ఇంత త్వరగానా? రాత్రిదాకా పట్టాలే! ఆకలేసి తినేశావా?"

పెరటిగోడ అవతల మా అమ్మ వినేసింది. "ఏందే, టీచరమ్మ గుడ్డు తిన్నవా? ఇజ్జత్ తీస్తివి గదనే!"

"తినలే! ఇంకో గుడ్డు పెట్టి చూడుండ్రి" అని టీచరు గడప మీదే మొండికేసి కూర్చున్నాను. అమ్మ పిలిచినా అన్నం ముట్టలేదు.

మర్నాడు కోడి కరుణించింది. ఈసారి టీచరే రెండు సీసాలు తీశారు. తెల్లసొనలో సగం ఒకే ముక్కగా ఒకదాంట్లో, మిగతా సగం నేను తరిగినట్టే తరిగి రెండోదాంట్లో వేశారు. ఎదురెదురుగా కూర్చుని చెరొకటి కదిపాం. తరుగు అంచులు అద్దంలా మారి, మెల్లగా మాయమయ్యాయి. పెద్ద ముక్క మాత్రం మూలలు అరిగి అలాగే ఉంది.

టీచరు కళ్లు మెరిశాయి. "రసం తగిలే చోటు పెరిగిందే! నమిలి తినమని ఇన్నేళ్లుగా చెబుతున్నాను, ఎప్పుడూ ఇలా చూడలేదు."

"నేను దొంగను గాదని సుత చెప్పుండ్రి."

"పొరపాటు నాదేనమ్మా."

"నాకు గాదు. మా అమ్మకు చెప్పుండ్రి."

రెండు సీసాలూ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "మీ అమ్మాయి తినలేదండీ. తొందరపడ్డది నేను" అన్నారు.

అమ్మ సీసాలను వెలుతురుకు పెట్టి చూసింది. "గట్లనా! మరి గిదంత మన లోపలనే ఉంటె, కడుపు సుత కరగాలె గద టీచరమ్మా?"

"లోపల జిగురుపూత ఉంటుందండీ, అదే కాపాడుతుంది" అంటూ టీచరు మా గడప మీదే చతికిలబడ్డారు. దీపాలు పెట్టేదాకా అమ్మ ప్రశ్నలు ఆగలేదు.

తర్వాత నేను చాలామంది మీద ఫిర్యాదులు రాశాను, ఇప్పటికీ రాస్తున్నాను. కాని కాగితం ముందు కూర్చున్న ప్రతిసారీ ముందుగా నా అనుమానాన్ని సరిచూసే రెండో సీసా ఏదని వెతుకుతాను. అది దొరికాకే సంతకం పెడతాను.