నాలుగో దెబ్బ

కడపలో డిగ్రీ చదివేటప్పుడు మా క్లాసులో నేతపని చేసే ఇంటి అమ్మాయి ఒకామె ఉండేది. పొడుగాటి ఇంగ్లీషు మాటను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ కాలితో నేలమీద తట్టేది. ఒత్తి పలకాల్సిన ముక్క దగ్గర గట్టిగా తట్టేది. "ఈడ కూడా మగ్గం తొక్కుతాండావా?" అని నేనే అందర్నీ నవ్వించేవాణ్ణి.

జువాలజీ వైవాలో 'పార్థెనోజెనెసిస్' దగ్గర నా నాలుక మడతపడింది. వెనక టేబుల్ దగ్గర ఆమె కాలు ఆరుసార్లు తట్టింది, నాలుగోసారి గట్టిగా. అలాగే పలికాను.

"శానా బాగా పలికినావు. ఎవరప్పా నేర్పింది?" అన్నాడు పరీక్షకు వచ్చిన లెక్చరర్.

"నేనే నేర్చుకున్నా సార్."

బయటికొచ్చాక ఆమె నన్ను చూసి పకపకా నవ్వింది. "రేపు కెమిస్ట్రీ ఉండాది. పొద్దున్నే రాప్పా, ఆ మాటలు కూడా నువ్వే నేర్చుకుందువు."

క్షమించమని అడగాల్సింది. "ఎన్ని గంటలకు?" అని అడిగాను.