కాఫీ వాసన తెలుస్తోందా?

మొన్న బుధవారం పొద్దున చర్చి మైకులో రోజూ వచ్చే పాట రాలేదు, పాస్టరుగారి గొంతు వచ్చింది. మా పక్కింటి పెద్దత్త గుంటూరు ఆసుపత్రిలో కన్నుమూసిందని చెప్పారు. మిరప కల్లాల్లో ఉన్నవాళ్లం పని ఆపి లేచి నిలబడ్డాం.

కనిగిరి వైపు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో, తెల్లబారిన తాలుకాయలు ఏరడానికి ఆమె కల్లంలో కూర్చున్నాను. గంట తిరక్కుండానే ముక్కూ కళ్లూ ధారగా కారాయి. జలుబు చేసింది, ఇంటికి పోతానన్నాను. పెద్దత్త ఫ్లాస్కులోంచి కాఫీ వంచి, గ్లాసు నా ముక్కు కింద పెట్టింది.

"వాసన తెలుస్తోందా?"

తెలుస్తోందన్నాను.

"అయితే జలుబు కాదమ్మాయ్, ఘాటు. తాగి కూర్చో."

కాయ ఎండే రోజుల్లో మా ఊరంతా దగ్గుతూనే ఉంటుంది. అందులో అసలు జబ్బు ఎవరిదో తేల్చడానికి ఆమెకు ఆ గ్లాసే పరీక్ష. వాసన తెలియడం లేదంటే ఇక వాదన లేదు. ఆ కాఫీలోనే చిటికెడు శొంఠిపొడి వేసి తాగించి, ఇంటికి పంపేసేది. వాళ్ల ముందున్న కాయలు తన ముందుకు లాక్కునేది. ఘాటుకు ఓర్చుకోవాలి, జబ్బుకు పడుకోవాలి అనేది. మా తోడికోడలు ఒకసారి పని ఎగ్గొడదామని ఏ వాసనా లేదంది. అయ్యో, పాలు మాడినట్టున్నాయే అంది పెద్దత్త, ఏమీ ఎరగనట్టు. లేదత్తా, కమ్మగానే ఉందని చెప్పి మా తోడికోడలు దొరికిపోయింది. ఇప్పటికీ ఆ మాటతో ఆమెను ఏడిపిస్తుంటాం.

ఈ ఏడు పెద్దత్తే దగ్గడం మొదలుపెట్టింది. ఎవరడిగినా ఘాటులెమ్మనేది. ఆకాశం మబ్బు పట్టి ఉంది, వాన పడేలోగా కాయ బస్తాలకెక్కాలని ఆమె ఆరాటం. ఆ మధ్యాహ్నం నేను పెట్టిన కాఫీకి పాలు అడుగంటాయి. మళ్లీ పెట్టడానికి పాలు లేక, తిట్లకు సిద్ధపడే తీసుకెళ్లాను. ఒక గుక్క తాగి, కమ్మగా ఉందమ్మాయ్ అంది. మా ఇంట్లో పాలు మాడితే గోడ అవతలి నుంచి కేకేసే మనిషి. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది.

"నీకు వాసన తెలియట్లేదత్తా."

ఆమె గ్లాసులోకి చూసింది.

"కాయ కల్లంలో ఉంది కదే," అంది.

ఆ పూటే ఆటోలో గుంటూరు తీసుకెళ్లాం. ఊపిరితిత్తులకు నిమ్ము బాగా పాకిందన్నారు. కాయ మేమంతా కలిసి వాన పడకముందే ఎత్తేశాం. ఆ సంగతి చెబితే మంచం మీద నుంచే తలూపింది. నాకు ఆ తృప్తి ఒక్కటే మిగిలింది.

సమాధుల తోట నుంచి వచ్చాక కాఫీ పెట్టుకున్నాను. ముక్కు దిబ్బడేసింది. గ్లాసు దగ్గరికి తెచ్చుకుంటే ఏ వాసనా తెలియలేదు. ఘాటుకీ జలుబుకీ తేడా ఆమె నాకు నేర్పింది. ఏడ్చినా ఇలాగే ఉంటుందని మాత్రం చెప్పలేదు. చేతిలో కాఫీ చల్లారి మీగడ కట్టింది. ఆటో వచ్చేలోగా ఆమె కడిగి బోర్లించిన ఫ్లాస్కు మా రెండిళ్ల మధ్య గోడ మీద ఇంకా అలాగే ఉంది.