మూడు చక్రాల కారు, ఏడు ఆదివారాలు

వెళ్దామా వద్దా అన్న ఒక్క మాట తేల్చుకోవడానికి మేము నలుగురం ఏడు ఆదివారాలు కూర్చున్నాం. నలుగురం చదువుకున్నవాళ్లమో, లోకం చూసినవాళ్లమో. ఇన్నాళ్ల తర్వాత తలుచుకుంటే నవ్వొస్తుందేమోనని చూశాను. రాలేదు. ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సంగతేమిటంటే, హైదరాబాద్‌లో పాత కార్ల ప్రదర్శన పెడుతున్నారని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఈసారి బుల్లి కార్లకు, అంటే స్కూటర్ ఇంజనంత ఇంజనుతో నడిచేవాటికి, విడిగా ఒక వరస పెడతారట. నా దగ్గర అలాంటిది ఒకటి ఉంది. ముందు ఒక చక్రం, వెనక రెండు, ఫైబర్ బాడీ, వీపు వెనక ఇంజను. పర్చూరు చుట్టుపక్కల పిల్లలు దాన్ని గుడ్డు కారు అనేవాళ్లు. నేను ఆ కారు దిగి బడిలోకి వెళ్తుంటే "గుడ్డులోంచి కోడిపిల్ల వచ్చిందిరోయ్" అని అరిచేవాళ్లు. అందుకు కూడా నాకు ఇంకా కోపమే.

అది మా నాన్న కారు. నాన్న పాస్టరు. తొమ్మిది పల్లెల్లో సంఘాలు చూసుకునేవాడు. మొదట సైకిలు మీద, తర్వాత మోపెడ్ మీద తిరిగాడు. మా నల్లరేగడి నేల నాలుగు చినుకులు పడితే చాలు, బండిని ఎక్కడిదక్కడ పట్టేస్తుంది. రెండుసార్లు కాలవలో పడ్డాక, ఒంగోలులో పొగాకు కొనే పెద్దమనిషి ఒకాయన ఈ కారు వదిలించుకుంటుంటే నాన్న తెచ్చుకున్నాడు. దాన్ని తయారుచేసినవాళ్లు అప్పటికే దుకాణం కట్టేశారు. అలాంటి ఇంకో కారుని నాన్న జన్మలో చూడలేదు. "దీని తోటివాటి పక్కన దీన్ని ఒక్కసారి నిలబెట్టి చూడాలే" అనేవాడు, శనివారం శనివారం దాన్ని తుడుస్తూ. చూడకుండానే పోయాడు. ఇప్పుడు ఫైబరు పగుళ్లిచ్చింది. తలుపు దగ్గర వేలు పెట్టి నొక్కితే లోపలికి పోతుంది. వచ్చే ఏటికి లారీ ఎక్కించి దించితే అది తట్టుకోదు. పంపిస్తే ఈసారే పంపాలి.

ఆ వరసకు ఒక షరతు ఉంది. తయారైనప్పటి భాగాలున్న బళ్లకే చోటు. సొంతంగా మార్పులు చేసినవి తీసుకోరు. అది చదివినప్పుడు నాకు గర్వమే కలిగింది. "ఇందులో పరాయి ముక్క ఒక్కటి లేదు" అన్నది నాన్న ఎక్కడికెళ్లినా చెప్పే మాట.

మా నలుగురిలో నేను లెక్కల టీచర్ని. రెండో ఆయన ప్రత్తిపాడు వైపు మిరప రైతు, ఆయనకు పాత జీపు ఉంది. మూడో ఆయన చీరాలలో బట్టల కొట్టు నడుపుతాడు, ఆయనది తాతల నాటి పెద్ద నల్లకారు. నాలుగోవాడు మా మెకానిక్ బాబాయ్. ఆయనకు సొంత కారు లేదు గానీ మా మూడు బళ్లూ ఆయన చేతి మీదే బతుకుతున్నాయి. బాబాయ్ అంటే చుట్టరికం కాదు. మా సంఘం మనిషి. చిన్నప్పట్నించీ నోరారా అలా పిలిచాను. చిలకలూరిపేటలో ఆయన రేకుల షెడ్డులో, ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం మేము కలుస్తాం. గుడ్డు కారు కూడా అక్కడే ఉంటుంది.

మొదటి ఆదివారం అందరూ వెళ్దామనే అన్నారు. టీలు తాగాం. రెండో ఆదివారానికి జీపాయన మొహం వేలాడేశాడు. "రెండో కోత నడుస్తందండీ టీచర్ గారూ. కూలోళ్లు దొరకట్లేదు. కల్లంలో కాయ ఆరబోసి నేను జీపేసుకుని హైదరాబాద్ పోతే మా ఇంట్లో నన్ను కూడా ఆరబోస్తారు" అన్నాడు. సరే, అది నిజమైన ఇబ్బందే. మూడో ఆదివారం చీరాలాయన ముహూర్తాలన్నాడు. పెళ్లిళ్ల రోజుల్లో కొట్టు ఎలా వదిలి రాను అన్నాడు. పోనీ అనుకుంటే, ఆయన అసలు బాధ వేరే. నల్లకారుని ముందు వరసలో పెడతారా, వెనక వరసలోనా అన్నది ముందు తేలాలి. "వెనకాల పెట్టేదానికి అంత దూరం ఎందుకండీ?" అన్నాడు. నేను మా వాట్సాప్ గ్రూపులో ఓటింగ్ పెట్టాను. ఆయన "వస్తాను" నొక్కి, గంటకి తీసేసి, మళ్లీ నొక్కి, మళ్లీ తీసేశాడు. ఉన్నది నలుగురం. నలుగురి ఓట్లు లెక్కపెట్టడానికి లెక్కల టీచరు తల పట్టుకుంది.

నేనేమీ తక్కువ తినలేదు. పదో తరగతి పరీక్షలని ఒక వారం నేనే నాన్చాను. అది ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్క వారమే.

ఐదో ఆదివారం, ఏ గాలి మళ్లిందో, ఇద్దరూ దారికొచ్చారు. జీపాయన కోత బావమరిదికి అప్పజెప్పాడు. మిర్చి యార్డు నుంచి హైదరాబాద్ వెళ్లే లారీలో టిక్కీల వెనక గుడ్డు కారుకు చోటు కూడా మాట్లాడాడు. మిరపకాయ బస్తాలతో పాటు వెళ్తే అక్కడ దిగేసరికి చూసేవాళ్లందరూ తుమ్ముతారేమో అని చీరాలాయన నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు బాబాయ్ మెల్లగా, "కార్బురేటర్ బాగా లేదమ్మా. తొందరపడబాకు" అన్నాడు.

ముందు వారం కూడా ఆయన ప్లగ్గు కొట్టట్లేదన్నాడు. అంతకుముందు క్లచ్ తీగ అన్నాడు. బాగుచేసే చేతులు ఆయనవే, ఏడాదంతా బాగా తిరిగే బండి ఈ నెలలోనే ఇన్ని రోగాలు తెచ్చుకుంది. నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. బండి పాతది, మనిషి పెద్దవాడు, అంతే అనుకున్నాను.

ఆరో ఆదివారం ప్రదర్శనవాళ్లు ఫోటోలు అడిగారు. ముందు నుంచి, పక్క నుంచి, తర్వాత కింది నుంచి, గేర్లు మారే చోటు కనబడేలా. "జాకీ పెట్టి ఎత్తు బాబాయ్, ఫోటో తీసుకుంటాను" అన్నాను. జాకీ ఎవరో పట్టుకెళ్లారన్నాడు. ఆ షెడ్డులో మూడు జాకీలుంటాయి. మూడూ పట్టుకెళ్లారా అంటే, మూడూ పట్టుకెళ్లారన్నాడు. అటు తిరిగి పాత గుడ్డతో శుభ్రంగా ఉన్న పానాలనే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు.

ఏడో ఆదివారం గడువుకి ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటిలోపు ఫారం పంపాలి. నేను చర్చి నుంచి అన్నం కూడా తినకుండా వచ్చాను. షెడ్డులోకి అడుగు పెట్టేసరికి గుడ్డు కారు వెనక తలుపు తెరిచి ఉంది. లోపల ఇంజను లేదు. ఇంజను మొత్తం విప్పి గోనెపట్టా మీద ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది.

నేను అరిచాను. పిల్లల మీద కూడా ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. "ఎవడు విప్పమన్నాడు నిన్ను? ఏడు వారాల్నించి అందరి కాళ్లూ పట్టుకుంటున్నాను. వాళ్లొప్పుకుంటే నువ్వు ఒప్పుకోవు. నువ్వొక్కడివన్నా నా పక్కనుంటావనుకున్నాను కదా బాబాయ్! మా నాన్న కోరిక అని తెలిసి కూడా..." జీపాయన, చీరాలాయన ఒకరి మొహం ఒకరు చూసుకుని టీకి బయల్దేరారు. పక్కనే ఉన్న కొట్టుకి కాదు, సెంటర్లో ఉన్న కొట్టుకి.

బాబాయ్ పీట మీద కూలబడ్డాడు. తర్వాత గోనెపట్టా మీదనుంచి మూరెడు ఇనప రాడ్డు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. అది గేర్లు మార్చే రాడ్డు.

"అది ఒరిజినల్ కాదమ్మా" అన్నాడు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఆ రాడ్డు విరిగింది. నాకు గుర్తుంది. ఒక పల్లెలో చనిపోయిన మనిషికి భూస్థాపన చేసి వస్తుంటే దారిలో విరిగింది, నాన్న ఏడు మైళ్లు నడిచొచ్చాడు. తర్వాత నాలుగు నెలలు కారు కదల్లేదు. వేరేది చేయించుకుందాం అని అమ్మ ఎంత చెప్పినా నాన్న వినలేదు. అసలుదే కావాలని, దొరికేదాకా నడుస్తానని మొండికేశాడు. నడిచాడు కూడా. పాదాలు పగిలి నెత్తురొచ్చేది. చివరికి బాబాయ్ మద్రాసు వెళ్లి అసలు రాడ్డు పట్టుకొచ్చాడు. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ.

"మద్రాసులో దొరకలేదమ్మా. రెండ్రోజులు తిరిగాను. చూసిన పాత ఇనప సామాను కొట్టు మళ్లీ చూశాను. లేదు. అయ్యగారి కాళ్లు చూసి వట్టి చేతుల్తో ఎట్టా రావాలి? జిన్నింగు మిల్లులో దూది యంత్రం ఇరుసు విరిగిపోయి పడుంటే, అది కాల్చి, సాగదీసి, ఆకురాయి పెట్టి తొమ్మిది రోజులు అరగదీశాను. విరిగినదాన్ని పక్కన పెట్టుకుని చూసి చూసి చేశాను. నేను చేశానంటే ఆయన బిగించనివ్వరు. అందుకని మద్రాసుదని చెప్పాను."

"చెప్తే చెప్పావు. దానికి ఇప్పుడు ఇంత..."

"నీకు గుర్తు లేదా? ఆ ఆదివారం అయ్యగారు సాక్ష్యం చెప్పారు."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. మా సంఘంలో జబ్బు నయమైనవాళ్లూ, పంట చేతికొచ్చినవాళ్లూ ఆరాధన మధ్యలో లేచి దేవుడు తమకేం చేశాడో చెబుతారు. అది సాక్ష్యం. అది అబద్ధం కాకూడదు. ఆ రోజు పాస్టరే లేచాడు. ఎక్కడో మద్రాసులో ఒకే ఒక్క ముక్కని దేవుడు తన కోసం దాచిపెట్టాడని చెప్పాడు. సంఘమంతా స్తోత్రం అంది.

"నేను కూడా అన్నానమ్మా. వెనక చాప మీద కూర్చుని నేను కూడా స్తోత్రం అన్నాను. సాయంత్రం వెళ్లి చెప్పేద్దామనుకున్నా. అయ్యగారు మర్నాడు ఇంకో పల్లెలో చెప్పారు. ఆ తర్వాత ఇంకో పల్లెలో. తొమ్మిది సంఘాల్లోనూ చెప్పారు. బతికినన్నాళ్లూ చెప్పారు. ఇంక ఏ మొహం పెట్టుకుని చెప్పేది? దేవుడి ముందర ఆయన చేత అబద్ధపు సాక్ష్యం చెప్పించాను. ఇప్పుడు అక్కడికి తీసికెళ్తే తెలిసినోళ్లు కింద చూస్తారు, ఇది ఇక్కడిది కాదంటారు. నా సంగతి పోనీ. అయ్యగారి మాట పోతుంది."

నాకు జాలి కలగాల్సింది. ముందు కోపమే వచ్చింది. దీనికోసమా ఏడు ఆదివారాలు? ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేదానికి ప్లగ్గని, కార్బురేటరని, జాకీలని! ఆ తర్వాత నాన్న మీద వచ్చింది. పాదాల నెత్తురు చూపించి ఒక మనిషిని అబద్ధమాడేలా చేసిన మొండితనం ఆయనది. అసలు ముక్క, అసలు ముక్క అని. అదే మొండితనంతో నేను వీళ్ల ప్రాణాలు తీస్తున్నానని కూడా తోచింది, అది ఇంకా చికాకు పుట్టించింది.

ఫోన్‌లో ఫారం తెరిచాను. భాగాలన్నీ తయారైనప్పటివేనా? అవును, కాదు. అవునని నొక్కితే అది కూడా ఒక సాక్ష్యమే, ఈసారి తెలిసి చెప్పే అబద్ధం. కాదని నొక్కితే చోటు లేదు. వేలు చాలాసేపు గాల్లోనే ఉంది. కాదు అని నొక్కాను. ఇక ముందుకు పోనివ్వలేదు, ధన్యవాదాలని ఒక ముక్క వచ్చి ఫారం దానంతటదే మూసుకుంది. నాన్న కారు దాని తోటివాటి పక్కన ఎప్పటికీ నిలబడదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

గుడ్డు కారు రావడం లేదని గ్రూపులో రాశాను. వారాల తరబడి మీనమేషాలు లెక్కపెట్టిన ఇద్దరూ టీ కొట్టు దగ్గర్నించే, అయ్యో టీచర్ గారూ, మేమైతే వెళ్తున్నామండీ అని రెండు నిమిషాల్లో జవాబిచ్చారు. వెళ్లొచ్చారు కూడా. నల్లకారుని వెనక వరసలోనే పెట్టారని తర్వాత తెలిసింది. దానికి మాత్రం కాస్త సంతోషించాను.

బాబాయ్ మాత్రం ఆ పీట మీదే తల దించుకుని ఉన్నాడు. రాడ్డు ఇంకా నా చేతిలోనే ఉంది. మొదటిసారి సరిగ్గా చూశాను. ఎక్కడా ఆకురాయి గీత కనబడటం లేదు. కొసన వంపు తిరిగిన చోట వేలు పెడితే నున్నగా జారుతోంది. తొమ్మిది రోజులు. నాన్న ముప్పై వానాకాలాలైనా దీంతో గేర్లు మార్చి ఉంటాడు, ఒక్కసారి కూడా దారిలో దిగబెట్టలేదు.

"నువ్వు చేసింది పాపం కాదు, తెలివితక్కువ పని" అన్నాను, కోపం తగ్గకుండానే. "ఆయన బతికుండగా చెప్పి ఉంటే రెండు రోజులు అలిగేవాడు. మూడో రోజు లేచి మళ్లీ సాక్ష్యం చెప్పేవాడు. మద్రాసు ఊసెత్తకుండా, దేవుడు ఈ మనిషి చేతుల్లో ఇంత పని పెట్టాడని, నిన్ను ముందుకు పిలిచి, నీ పేరు పెట్టి చెప్పేవాడు. తొమ్మిది సంఘాల్లోనూ."

బాబాయ్ తలెత్తాడు. డెబ్బై దాటిన మనిషి. ఆ మాట ఎప్పుడూ ఆయన ఊహలోకి కూడా రాలేదని మొహం చూస్తేనే తెలిసింది.

"నా పేరు పెట్టే చెప్పేవారంటావా?" అని అడిగాడు.