పేరు రాయలేదు, దారి రాశాను

ముందు తప్పేమిటో చెప్పాలి. ఎవరు చేశారో కూడా చెప్పాలి. మా లా మాస్టారు కిందటి వారం మంగళవారం పొద్దున్న అమలాపురంలో, ఆసుపత్రి మంచం మీద పోయారు. పావుగంట తిరక్కుండా ఆ కబురు ఆయన ఫోటోతో సహా వాట్సాప్ గ్రూపులన్నింటికీ ఎక్కింది. "నాన్నకి కాస్త నలతగా ఉంది" అన్న ఒక్క మాట పట్టుకుని హైదరాబాదు బస్సులో వస్తున్న ఆయన కూతురు, రావులపాలెం దగ్గర తన ఫోనులోనే తండ్రి శవాన్ని చూసింది.

ఆ ఫోటో తీసి పంపింది ఏ చానెలు వాడో కాదు. నేను.

పత్రికవాడు మనిషి గుమ్మం దాటి ఎంతవరకు లోపలికి రావచ్చు అన్నదాని మీద బతుకంతా పాఠాలు చెప్పి, వ్యాఖ్యలు రాసిన మనిషి ఆయన. అలాంటి మనిషి గుమ్మం నేను దాటేశాను. కోపంతో చేసిన పనైతే సర్దిచెప్పుకునేవాణ్ణి, కోపం నాకు అలవాటే. ఇది అసూయ. నేను వెళ్లేసరికే మంచం పక్కన ఆయన జూనియరు నిలబడి ఉన్నారు. కనీసం ఈ కబురైనా నా నోట ముందు రావాలనుకున్నాను.

కోర్టు వీధిలో నాకో జెరాక్సు, డీటీపీ కొట్టుంది. చదువు ఇంటరుతో ఆగింది. మిగతాదంతా సభల్లో పంచే కరపత్రాలూ చిన్న పుస్తకాలూ చెప్పిన చదువే. మాస్టారి వ్యాసాలు నేనే టైపు చేసేవాణ్ణి. మాకు పరిచయం అయింది మాత్రం నేను రాసిన కరపత్రం వల్ల.

కాట్రేనికోన వైపు ఒకావిడ మీద రొయ్యల చెరువుల ఆసామి చెయ్యి చేసుకున్నాడు. నా రక్తం ఉడికిపోయింది. ఆవిడ పక్షాన కరపత్రం వేసి వెయ్యి కాపీలు పంచాను. పేరు రాయలేదు, నాకు ఆ మాత్రం తెలుసు. 'చెరువు గట్టున పెంకుటిల్లు, భర్త మస్కట్‌లో' అని మాత్రం రాశాను. మాస్టారు ఆ కాగితం పట్టుకుని కొట్టుకొచ్చారు.

"ఇది ఆవిడకి చదివి వినిపించేవా?"

"అన్యాయం బయటపెట్టడానికి పర్మిషనెందుకండీ?"

"బస్సెక్కు. చెప్తాను."

అదీ ఆయన పద్ధతి. ఎవరి గురించైనా రాస్తే, అచ్చుకు పంపేముందు ఆ ఇంటికి వెళ్లి చదివి వినిపించేవారు. వాళ్లు వద్దన్న వాక్యం కొట్టేసేవారు. అధికారుల గురించైతే ఒక్క అక్షరం కొట్టేవారు కాదు. ఆ రోజు ఆవిడ వాకిట్లో నిలబడి కరపత్రం నేనే చదివాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండా విని అంది:

"పేరు రాయలేదు గానీ బాబూ, మా ఇంటికి దారి రాసేరు. పొద్దుట్నించీ జనం వచ్చి చూసి పోతన్నారు."

తిరుగు బస్సులో మాస్టారు నన్ను తిట్టలేదు. "కోపం నీదోయ్. ఇల్లు ఆవిడది" అన్నారంతే. ఆ ఒక్క మాటకే ఆయన మనిషినైపోయాను.

ఆ తర్వాత వచ్చారు జూనియరు గారు. కోర్టులో మాస్టారి దగ్గర ప్రాక్టీసు చేస్తూనే, పత్రికలూ మనుషుల గోప్యతా అన్న విషయం మీద విశ్వవిద్యాలయంలో పరిశోధన. ఆవిడ కాగితాల మీద మాస్టారు ఎర్ర పెన్సిలుతో గీతలే గీతలు, మార్జిను నిండా ప్రశ్నలు. నా కరపత్రాల మీద 'బాగుంది' అని ఒక్క ముక్క. జెరాక్సు తీసేటప్పుడు ఆ ఎర్ర గీతలు లెక్కపెట్టేవాణ్ణి. నా రాతని ఆయన అంతలా ఎందుకు తప్పుపట్టరు? నేను తప్పు దిద్దడానికి కూడా పనికిరానా?

ఒక సాయంత్రం వరండాలో ఆవిడ అడిగారు: "పోయినవాళ్లకి గోప్యత ఉంటుందా అండీ? హక్కు మనిషితోనే పోతుంది కదా."

"కోర్టులు చాలామటుకు ఆ మాటే అంటాయమ్మాయ్. నువ్వేమంటావోయ్?" అంటూ నా వైపు తిరిగారు మాస్టారు.

"పోయినవాడికేం తెలుస్తుందండీ!" అన్నాను, ఆవిడ కంటే ముందు జవాబు చెప్పాలన్న తొందరలో.

"ఆయ్, వాడికి తెలీదు. వాడి కోసం ఫోనెత్తినవాళ్లకి తెలుస్తుంది."

విన్నాను. నవ్వాను కూడా. అయినా మంగళవారం ఆ పని చేశాను.

మాస్టారు పోయిన ఐదో రోజున వాళ్లింటికి వెళ్లాను. మాస్టారు చేత్తో రాసి, టైపుకింకా ఇవ్వని పుస్తకం కట్ట జూనియరు గారి ఒళ్లో ఉంది. ముందుమాటలో ఆవిడకి పేరు పెట్టి కృతజ్ఞతలు. మొదటి అధ్యాయంలో నా కరపత్రం సంగతి ఉంది, నా పేరు మాత్రం లేదు. 'ఒక యువకుడు' అని ఉంది.

"నాకు పేరు కూడా లేదాండీ?" అని ఆ ఇంట్లోనే గొంతు పెంచాను. సిగ్గులేని వాణ్ణి.

ఆవిడ ఆ పేజీ పాత ప్రతులు తీసి చూపించారు. "మూడుసార్లు తిరగరాసేరండీ దీన్ని. ముందు 'జెరాక్సు కొట్టు' అని ఉంది, కొట్టేసేరు. తర్వాత ఊరి పేరు కొట్టేసేరు. తప్పు చేసినవాడిక్కూడా ఇల్లుంటుందమ్మాయ్ అన్నారు. నిజం చెప్పనా? నాకు ఒళ్లు మండిందండీ. నా గురించిన వాక్యం ఒక్కసారి రాసేరు, అంతే."

ఆ యువకుణ్ణి నేనే. ఆయన దాచారు. దాచుకునే హక్కు నాకిక లేదని నేనే చెప్పేస్తున్నాను.

ఇదంతా రాశాక అక్కగారికి, అంటే మాస్టారి కూతురికి, చదివి వినిపించాను. రెండు వాక్యాలు కొట్టెయ్యమన్నారు, కొట్టేశాను. చివర్లో 'నన్ను క్షమించారు' అని ఉండేది. దాని దగ్గర చెయ్యెత్తి ఆపారు.

"అది రాయకు తమ్ముడూ. ఇంకా జరగలేదు."

పుస్తకం గురించి మాత్రం ఒక మాట ఒప్పుకున్నారు. పోయినవాళ్ల గోప్యత మీద రాసిన చివరి అధ్యాయం అచ్చుకంటే ముందు జనం మధ్య చదవవచ్చు. అది ఇంకా టైపు కాలేదు, మాస్టారి చేతిరాతలోనే ఉంది. నిన్న కొట్లో జూనియరు గారు చదివి చూసుకుంటూ ఒక మాట దగ్గర ఆగిపోయారు. కాగితాన్ని వెలుతురుకెత్తి పట్టుకున్నారు. ఆ గొలుసుకట్టు రాత నాకు కొట్టినపిండి. మాట నోటిదాకా వచ్చింది. ఆవిడ కాగితం నా వైపు తిప్పేవరకు ఆగాను.

విలేఖరులూ, చానెళ్లు నడిపేవాళ్లూ, లా చదివే పిల్లలూ, నాలాగా కోపంతో కలం పట్టేవాళ్లూ ఈ ఆదివారం సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకి కోర్టు వీధిలో మా కొట్టు ముందుకి రండి. ఆవిడ చదువుతారు. నేను పక్కనే నిలబడి ఉంటాను, అడిగితే చెప్పడానికి.