గువ్వల గదికి తడి గోనెలు

మా తోడికోడలు సూపర్‌వైజరు నోరు మూయించిన రోజున నేను అన్నం క్యారియరుతో అక్కడే నిలబడి ఉన్నాను. పక్షిశాలలో ఎడారి గువ్వల గదిని చూసుకునేది ఆమే. ఎండకు తోడు ఉక్కపోత, కట్టుకున్న బట్ట ఒంటికి అంటుకుపోతోంది. గువ్వలకు చల్లగా ఉండాలని గది చుట్టూ కమ్మీలకు గోనెపట్టాలు తడిపి వేలాడదీసింది.

"అవి తీసెయ్యమ్మా, గాలి ఆడదు" అన్నాడతను.

"ఎండలకి నీ కిటికీకి తడిగుడ్డ కట్టుకోవా బాబూ?"

"పొడి ఎండలో అయితే సరే. ఇది ఉక్క. పైగా పిట్టకి చెమట పట్టదు, తోలులోంచీ గొంతులోంచీ తడి పొడిగాలికి ఆరిపోతేనే ఒళ్లు చల్ల..."

"నేనిక్కడ చేరేనాటికి నీకు చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు. పిట్టల సంగతి నాకు చెప్తావా?"

గుండీలకూ గువ్వలకూ సంబంధమేమిటని అతను అడగలేదు. అడిగితే ఆ పూట అక్కడే గడిచిపోతుందని అతనికీ తెలుసు. "మీ ఇష్టం" అని వెళ్లిపోయాడు. ఆమెను అక్కడ అందరూ హైకోర్టు అంటారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైతే, అన్నం చప్పగా వండారంటుంది. మా మరిది పెళ్లినాడే ఓడిపోయి, అప్పటినుంచి హాయిగా బతుకుతున్నాడు. అతనికి జ్వరమొస్తే "మాత్ర గూట్లో ఉంది, తీసుకో" అంటుంది. గువ్వ రెక్క వాల్చిందంటే మాత్రం ఒళ్లో పెట్టుకుని గింజ తినిపిస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఆమె కమ్మీలకు ముఖం ఆనించి నిలబడి ఉంది. లోపల ఉడికే కుండ మూత తీసినట్టుంది. గువ్వలు నోళ్లు తెరిచి గొంతులు టపటపలాడిస్తున్నాయి. కొన్ని రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి, పొట్టలు నేలబండకు ఆనించి పడుకున్నాయి. ఒక పట్టా జారి కాస్త గాలి తగిలే మూలకు చేరాలని మిగతావి తోసుకుంటున్నాయి. ఒక్క ఆడగువ్వ మాత్రం గుడ్ల మీంచి లేవలేదు. దాని కళ్లు మూతలు పడుతున్నాయి.

"అక్కా, ఎడారిలో గాలి పొడిగా ఉండి వీటి ఒంటి తడి తాగేస్తుందంట. అలా పోతేనే ఇవి చల్లబడతాయి" అంది. ఆమె గొంతు అంత తగ్గడం నేనెప్పుడూ వినలేదు. "ఇక్కడి గాలికి ముందే కడుపు నిండిపోయింది. దానికి నేనింకా వడ్డిస్తున్నాను."

"ఎవరు చెప్పారు?"

"అతనే, నిన్న. చెవులున్నాయి గాని, అప్పుడు వాటితో పని పడలేదు."

"అయితే తీసెయ్."

"తీస్తే అతను నెగ్గినట్టేగా."

"గువ్వ చస్తే నువ్వు నెగ్గినట్టా?"

ఆమె ఆడగువ్వ వైపు చూసింది. అది తల వాల్చేసింది. దూరంగా, నెమళ్ల గది దగ్గర, సూపర్‌వైజరు ఎవరితోనో మాట్లాడుతూ ఇటే వస్తున్నాడు. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అక్కా, నాతో పోట్లాడు. గోనెలు పీకెయ్యమని అతనికి వినపడేలా కేకలెయ్యి. పెద్దకోడలి మాట కాదనలేక తీశానంటాను, అందులో నాకు తలవంపు లేదు. రెండు మాటలు ఎక్కువన్నా పడతాను. త్వరగా మొదలుపెట్టు."