ఐదు నక్షత్రాలు, ఒక ముల్లు

మా ముత్తాత పన్నెండు ఊళ్ళకు దేశ్‌ముఖ్. మా తాత వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడేవారు. మా నాన్న సూరత్‌లో, పర్వత్ పాటియా అనే పేటలో, ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. ఆ రోజుల్లో, అంటే కరోనాకు దేశమంతా తలుపులు వేసుకున్న రోజుల్లో, నేను ఖగోళశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. హాస్టల్ మూసేస్తే వచ్చి ఆ రెండు గదుల ఇంట్లో పడ్డాను. వంశగౌరవమంతా నా వెన్నెముకలోనే మిగిలి ఉన్నట్టు నిటారుగా కూర్చుని ముసలి నక్షత్రాల మీద పని చేసేవాణ్ణి. ఈ నక్షత్రాలు వయసు మీరాక ఉబ్బుతూ తగ్గుతూ, ఒకసారి వెలుగుతూ మరోసారి మసకబారుతూ, తమ ఒంటి మీది వాయువును చుట్టూ వదిలేస్తుంటాయి. ("మన ఇల్లు లాగే" అన్నారు నాన్న. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.) ఆ వాయువు పంపే రేడియో తరంగాలను టెలిస్కోపు గీతలుగా రాసి ఇస్తుంది. నాకిచ్చిన ఐదు నక్షత్రాల గీతల్లోనూ, ఏ పుస్తకమూ చెప్పని చోట, సన్నని ముల్లులాంటిది ఒకటి లేచి ఉంది. ఐదింటిలోనూ ఉందంటే ప్రకృతి నియమమే! మర్నాడు ఉదయం ఆన్‌లైన్‌లో మా గురువుగారికి, అందరి ఎదుటా ప్రకటించాలి. అది నిలబడితే నా పేరున మొదటి వ్యాసం. పడిపోతే నలుగురిలో నవ్వులపాలు.

సాయంత్రం సిగ్నల్ కోసం డాబా ఎక్కి, ల్యాప్‌టాప్‌లో ఆ ఐదు గీతల బొమ్మలనూ ఒకదాని కింద ఒకటి పేరుస్తున్నాను. కింది గదిలో ఉండే మగ్గం మామ లుంగీ ఆరేయడానికి వచ్చాడు. (సిరిసిల్ల వైపు మనిషి. మరమగ్గాల షెడ్డు మూతపడి ఖాళీగా ఉన్నాడు. బిల్డింగంతా మామా అనేది, నేను తప్ప.)

"ఏంది చిన్నదొరా, గీ గీతలేంది?"

"నక్షత్రాలు. నీకు అర్థం కావు."

"ఐదు అలగ్ అలగ్ నక్షత్రాలా? మరి గీ ముల్లు ఐదిట్ల గదే జాగల ఉందేంది?"

"అదే నేను కనిపెట్టింది!"

"కనిపెట్టుడేంది! ఐదు బట్ట తాన్లల్ల గదే జాగల గదే గీత వస్తె మా సేఠ్ నూలును తిట్టడు, నన్ను తిడతడు. తప్పు నూలుది గాదు దొరా, మగ్గానిది. జర నీ మగ్గం చూస్కో."

ఒళ్ళు మండిపోయింది. పన్నెండు ఊళ్ళ వారసుడికి, అందునా రేడియో ఖగోళశాస్త్రంలో, లుంగీ ఆరేసుకునే మనిషి పాఠం చెప్పడమా! "ముందు మాస్కు సరిగ్గా పెట్టుకో" అని గద్దించాను.

"పెట్టుకుంట గని, నువ్వయితె చూడు" అని నవ్వుతూ దిగిపోయాడు.

అతను తప్పని రుజువు చేయడానికే, అంతకుముందెప్పుడో టెలిస్కోపును నక్షత్రమే లేని ఖాళీ ఆకాశం వైపు తిప్పి తీసిన రికార్డు తెరిచాను. అదే ముల్లు. అదే చోట. పరికరంలో పుట్టిన గోల తప్ప నక్షత్రాలకు దానితో ఏ సంబంధమూ లేదు.

మర్నాడు గంభీరంగా, "పరికరంలో ఒక దోషం పట్టుకున్నాను సార్" అన్నాను. గురువుగారు, "భేష్! ఎలా పట్టుకున్నావోయ్?" అన్నారు. "అనుభవం సార్" అన్నాను. (ఎవరి అనుభవమో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.)

నువ్వన్నదే నిజమైందన్న ఆ ఒక్క మాట కింది గదిలో చెప్పి రావడానికి నా నడుం వంగేసరికి నెలలు గడిచాయి. "మామా" అనడం మెట్ల మీద రెండు సార్లు సాధన కూడా చేశాను. గదికి తాళం ఉంది. ఆ తాళం ముందు నిటారుగా నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, చెంప పగలగొట్టాలనీ అనిపిస్తుంది. షెడ్డుకు వెళ్ళి అడిగాను. ఆయన ఊరికి వెళ్ళిపోయాడట. ఆయన నడిపిన మగ్గాలను సేఠ్ పాత ఇనుము కింద అమ్మేశాడు.