రమామణికి పడని మందు

దామోదర్ తెలివితక్కువవాడని మా మౌంట్ ఆల్బర్ట్‌లో ఎవరైనా అంటే నేను ఊరుకోను. అతని మీద నాకు పీకల దాకా కోపముంది, అది వేరే సంగతి. కొత్త హీటర్ కొన్నా సరే, దాంతో వచ్చిన పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివితే గానీ ప్లగ్గు పెట్టే మనిషి కాదు. తెనాలి నుంచి వచ్చి ఇక్కడ కంప్యూటర్ ఉద్యోగం చేసేవాడు. రెండు వేల ఐదులో మా అందరి ఇళ్లలో నెట్ ఎక్కడుంది? ఏ అనుమానం వచ్చినా "దామోదర్ గారినడుగు, నెట్‌లో చూసి చెప్తారు" అనుకునేవాళ్ళం.

వాళ్ళది మా పక్కిల్లే. అతని భార్య రమామణి కంచె అవతలి నుంచే "సరోజక్కా!" అని కేకేసేది. ఈ దేశం వచ్చిన ఏడాదే గొంతునొప్పికి డాక్టరు పెన్సిలిన్ ఇస్తే ఆ పిల్లకు ఒళ్ళంతా దద్దుర్లు లేచి, మొహం బూరెలా ఉబ్బింది. మళ్ళీ ఆ మందు వేసుకుంటే ప్రాణానికే ముప్పు, జన్మలో ముట్టుకోవద్దన్నాడాయన. దామోదర్ ఆ మాట పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించాడు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు అదే చెప్పేవాడు.

"బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు చెప్తారక్కా," అని నవ్వేది రమామణి.

ఇక మనవాళ్ళ సూట్‌కేసుల సంగతి నేను చెప్పాలా? ఆవకాయ పక్కన మందుల సంచి లేకుండా ఎవరైనా విమానం ఎక్కారా? చీటీ అడగని మందుల షాపువాడే మనకు పెద్ద డాక్టరాయె. ఓసారి తెనాలి వెళ్ళినప్పుడు దామోదర్ పంటినొప్పికి అక్కడి షాపువాడు యాంటీబయాటిక్ ఇచ్చాడు. నొప్పి తగ్గగానే మానేసి, మిగిలిన మాత్రలు ఇక్కడికి తెచ్చి వంటింటి డబ్బాలో దాచారు. మనం మందు పారేస్తామా ఏమన్నానా!

ఇక్కడ జూలై అంటే చలికాలం. శనివారం మధ్యాహ్నం రమామణికి జ్వరం, చెవిపోటు. మా క్లినిక్ మూసేశారు. సెలవుల్లో తెరిచి ఉండే క్లినిక్‌కి వెళ్తే గంటలకొద్దీ కూర్చోబెడతారు. నేను చారు తీసుకుని వెళ్ళేసరికి మొగుడూ పెళ్ళాం అదే మాట్లాడుకుంటున్నారు.

"మీ పంటి మాత్రలున్నాయి కదండీ, ఒకటి వేసేసుకుంటాను."

"ఆగు ఆగు, చూడకుండా ఎట్లా?" అని దామోదర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

మాత్రల అట్ట మీద కంపెనీ పెట్టిన పేరు కింద చిన్నక్షరాల్లో ఎమాక్సిసిలిన్ అనుంది. అది వెతికితే ఒక పట్టిక వచ్చింది. ఒక వరసలో పెన్సిలిన్, దానికెదురుగా 'న్యారో స్పెక్ట్రమ్'. కింది వరసలో ఎమాక్సిసిలిన్, ఎదురుగా 'బ్రాడ్ స్పెక్ట్రమ్'. రెండింటికీ కలిపి పైన 'బీటా లాక్టమ్' అని ఇంకేదో. దాని మీద నొక్కితే పేజీ నిండా రసాయన శాస్త్రం. మామూలు మనుషులకు అర్థమయ్యేలా రాస్తే వాళ్ళ సొమ్మేం పోయిందో!

"పెన్సిలిన్ కొన్ని క్రిముల మీదే పనిచేస్తుందట, ఇది చాలా వాటి మీద. వేరే మందే. చూడండి సరోజ గారూ," అని నాకూ చూపించాడు.

రమామణి మాత్ర వేసుకుంది. నేను చారు వెచ్చబెట్టి తెచ్చేలోగానే అరచేతులు గోక్కోవడం మొదలుపెట్టింది. పెదవులు వాచాయి. "అక్కా, గొంతు పట్టేస్తోంది," అంది. మరి మాట రాలేదు. దామోదర్ అంబులెన్స్‌కి ఫోన్ చేస్తుంటే నేను ఆ పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను.

అంబులెన్స్ వాళ్ళు వస్తూనే ఏం వేసుకుందని అడిగారు. "చెవిపోటుకు మాత్ర," అన్నాడు. వాళ్ళు ఇంజెక్షన్ చేస్తున్నారు, ఆక్సిజన్ పెడుతున్నారు, గుండె ఒత్తుతున్నారు. వాళ్ళ చుట్టూ తిరుగుతూ, చేతులు జోడించి, దామోదర్‌ది ఒకటే మాట.

"పెన్సిలిన్ మాత్రం ఇవ్వకండి. ఆమెకు పడదు. మీకు దణ్ణం పెడతాను, అది ఇవ్వకండి."

దేవుడా, ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లోంచి పోదు. చాలాసేపటికి వాళ్ళు చేతులు వెనక్కి తీసుకున్నారు. రమామణి పోయిందని చెప్పారు.

వచ్చినవాళ్ళలో పెద్దామె ఆ మాత్రల అట్ట అడిగి తీసుకుంది. చదివి, దామోదర్ పక్కనే నేల మీద కూర్చుంది. "ఇదీ పెన్సిలిన్ జాతి మందే," అంది మెల్లగా.

"కాదండీ," అన్నాడు దామోదర్. "నేను చూశాను."

లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాడు. ఆ పేజీ తెరిచి, ఆమె కూర్చుని చదవడానికి కుర్చీ జరిపాడు.